ఉల్టా ఎలుక

నాకు గవదబిళ్ళలు లేచిన వారమే మా అన్న నన్ను వదిలేసి సినిమాకు వెళ్ళాడు. యాభైల నాటి మాట. నయాపూల్ దగ్గరి టాకీసులో అసలు సినిమాకు ముందు పిల్లీ ఎలుకా తరుముకునే బొమ్మల సినిమా వేస్తున్నారని వీధి వీధంతా చెప్పుకునేది. నన్ను తీసుకెళ్తానని ఒట్టు వేసినవాడు వాడే. తిరిగొచ్చి, పురానాపూల్‌లోని మా ఇంటి గడప మీదే పిల్లి ఎలా జారిపడిందో చేసి చూపించబోయాడు. నేను గోడవైపు తిరిగి కటీఫ్ చెప్పేశాను. పిల్లనైతే ఏం, మాటంటే మాటే.

ఆనాటి నుంచి మా మాటలన్నీ నానమ్మ ద్వారానే నడిచాయి.

"నానమ్మా, గాయనకు చెప్పు, నా దుప్పటి ముట్టద్దని."

"నానమ్మా, గా బేగం సాహెబాకు చెప్పు, నేను ముట్టలేదని."

"ఏంది మీ లొల్లి? నేనేమన్న తపాలా డబ్బానా?" అని నానమ్మ ఇద్దరినీ తిట్టేది. నాకు మాత్రం మహా సరదాగా ఉండేది.

అన్న అంత తేలిగ్గా వదిలే రకం కాదు. టాకీసులో మిషన్ తిప్పే భాయ్‌ని బతిమాలి, తెగిపోయిన ఫిల్ము ముక్క ఒకటి సంపాదించాడు. వెలుతురుకు పెట్టి చూస్తే అన్నీ ఒకే బొమ్మలా ఉన్నాయట. కళ్ళు చించుకుని చూస్తే పిల్లి కాలు మాత్రం గడిగడికీ కాస్త ముందుకు జరిగిందట. కిటుకు దొరికింది. తన ఉర్దూ వాచకంలో పేజీ పేజీ అంచునా పెన్సిలుతో పిల్లినీ ఎలుకనూ గీయడం మొదలుపెట్టాడు. చూసి గీయడానికని పక్కింటి పిల్లిని చంకన వేసుకొచ్చి చేతులు రక్కించుకున్నాడు. అంతా అయ్యాక పుస్తకం నానమ్మ చేతిలో పెట్టి, "గబగబ తిప్పి చూడమను" అన్నాడు.

అందరూ అవతలికి వెళ్ళేదాకా ఆగి తిప్పాను. నా తెలుగు వాచకాన్ని పట్టుకున్నట్టే పట్టుకున్నాను. ఉర్దూ పుస్తకం అటునుంచి మొదలవుతుందనీ, నేను ఆఖరి పేజీ నుంచి వెనక్కి తిప్పుతున్నాననీ నాకు తట్టనే లేదు.

ముందుగా పగిలిన మామిడికాయ తొక్కు జాడీ కనిపించింది. పెంకులన్నీ లేచొచ్చి అతుక్కున్నాయి. పిల్లి మూతికి అంటిన తొక్కు మళ్ళీ జాడీలోకి దూకింది. కన్నంలోంచి ఎలుక తోక ముందు పెట్టి బయటికొచ్చి, ఆ తోకతోనే పిల్లి ముక్కును నెట్టుకుంటూ వెనక్కి వెనక్కి పోయింది. నవ్వితే దవడలు ఊడిపోయేంత నొప్పి. దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాను, ఏడ్చాను, మళ్ళీ తిప్పాను. లోకంలో మా అన్నంతటివాడు లేడనిపించింది.

సాయంత్రం వాడు అడిగాడు. "నచ్చిందేమో అడుగు, నానమ్మా."

"బాగలేదని చెప్పు."

వాడి మొహం ఇంత చిన్నదైపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. అయినా కటీఫ్ కటీఫే.

వాపు దిగాక అమ్మ మమ్మల్నందరినీ అదే సినిమాకు తీసుకెళ్ళింది. నానమ్మతో సహా ఆడవాళ్ళం జనానాలో, అన్న పర్దాకు అవతల మగవాళ్ళలో. దీపాలు ఆరాయి, మాకూ మగవాళ్ళకూ మధ్యనున్న పర్దా పక్కకు లాగారు, తెర మీదికి ఎలుక వచ్చింది. మూతి ముందుకు పెట్టి పరుగెడుతోంది! వెనకాల పిల్లి! జాడీకి బదులు ఎవరో దొరల ఇంటి పూలకూజా, అతుక్కోవాల్సింది పోయి భళ్ళున పగిలింది! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద టాకీసు పెట్టుకుని ఇంత అన్యాయమా? బెంచీ ఎక్కి నిలబడ్డాను.

"అన్నా! వీళ్ళు సినిమా ఉల్టా ఆడిస్తున్నరు! ఆపుమను!"

హాలంతా గొల్లుమంది. అమ్మ తొడపాశం పెట్టింది. ఆ నవ్వుల మీదుగా మగవాళ్ళ వైపు నుంచి అన్న కేక వినిపించింది.

"నానమ్మా! గామెను అడుగు, మాట్లాడింది నాతోనేనా?"

నానమ్మ ఆ చీకట్లోనే లేచి నిలబడింది.

"నువ్వే అడుగుపో, బిడ్డా! నా తపాలా నౌకరీ ఇయ్యాల్టితో ఖతం!"