నూకాలు బుట్టలో మళ్లీ చేపలు

ఈ రోజు పొద్దున్నే మా వీధిలో "సేపలో" అన్న కేక వినిపిస్తే కాఫీ గ్లాసు వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. అది నూకాలు గొంతు. కిందటేడాది వాళ్ల పాపకి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. మందులు మొదలయ్యాక చేపల వాసన తగిలితే చాలు, పాపకి వాంతులయ్యేవి. ఎంత రుద్ది కడుక్కున్నా ఆ వాసన చేతుల్ని వదలదు. అందుకని నూకాలు చిన్నప్పట్నుంచీ చేస్తున్న చేపల బేరమే మానేసి, అదే బుట్టలో నౌపడ ఉప్పు పోసుకుని అమ్ముకుంది.

బుట్ట దించగానే భయంభయంగా అడిగాను, "పాప ఎలా ఉంది నూకాలూ?"

"ఇంజక్షన్లు అయిపోనాయమ్మా. బాగున్నాది అన్నారు డాక్టరు గారు. నెలకోపాలి సూపించుకుంటే సాలట."

"మరి ఈ చేపల వాసన పడుతోందా?"

"నిన్న నా సెయ్యి తీసుకుని వాసన సూసిందమ్మా. 'ఏటమ్మా, నీ కాడ సేపల వాసనే రాట్లేదు, నువ్వు మా అమ్మలాగ లేవు' అన్నాది. ఇంకేటి, తెల్లారగట్లే రేవుకెల్లిపోనాను."

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను నెత్తళ్లు మా ఇంటికి కావలసినదానికంటే ఎక్కువే తీసుకున్నాను. ఇప్పుడు వీధంతా మా పులుసు వాసనే. పైవాటా వాళ్లు కిటికీలు మూసేసుకున్నారు, మూసుకోనీండి.

ఇంతకీ మీ అమ్మ చేతులు ఏ వాసన వచ్చేవి? గుర్తుంటే చెప్పండి.