తల తిప్పే కెమెరా

మొన్న బీరువా సర్దుతుంటే కింది అరలోంచి నా పాత కెమెరా బయటపడింది. స్ప్రింగు బిగించి మీట నొక్కితే లెన్సు సగం దాకా తిరిగి ఆగిపోయింది. ఇక అప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. అన్నానికి కూర్చున్నా, పేపరు పట్టుకున్నా చేతులు స్క్రూడ్రైవరు కోసమే వెతుకుతున్నాయి. ఈ వయసులో కూడా మనిషికి కుదురు రాలేదని మా ఆవిడ విసుక్కుంటోంది, వచ్చే సూచనలు నాకూ కనిపించడం లేదు.

రీళ్ల కాలంలో పెరిగిన మీలో కూడా ఇలాంటి కెమెరా చూసినవారు తక్కువే ఉంటారు. మామూలు కెమెరా ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది, ఇది మాత్రం గడియారంలాంటి యంత్రంతో ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తల తిప్పుతూ పొడుగాటి ఫొటో తీస్తుంది. మా టాటానగర్‌లో సాక్చీ బజార్లో ఒక స్టూడియో మూసేస్తూ తుక్కులో పడేసిన దాన్ని నేను ఇంటికి మోసుకొచ్చింది మా పెదనాన్న కోసం.

నాన్న పోయాక సిద్ధగోరా పేటలో తన ఇంట్లో నన్ను పెంచింది పెదనాన్నే. టాటానగర్ యార్డులో పాయింట్స్‌మన్, అంటే బళ్లను ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మళ్లించే మనిషి. యార్డులో గ్రూపు ఫొటోలు చాలా తీశారు గానీ, కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక గుమాస్తా బాబులు, ఆ వెనక మిగతావాళ్లు కావడంతో పొట్టివాడైన పెదనాన్న ఒక్క దాంట్లోనూ కనిపించలేదు. రిటైరయ్యే ఏడు ఆయనకి ఒకటే పట్టుదల పట్టుకుంది. తనతో పనిచేసిన జోడీదార్లు అందరితో కలిసి ఒక్క ఫొటోలో తన మొహం కనపడాలి.

"ఎవుడెనకాలా ఎవుడూ ఉండకూడదురా. కలాసీ కాడ్నించి కేబినోడి దాకా అందరూ బరాబర్‌గా నిలబడాల," అనేవాడు.

ఆ కెమెరాకి కావలసిన ఫిల్మ్ ఎప్పుడో దొరకడం మానేసింది. ఊరి బయట గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో నేను కొత్తగా టర్నరుగా చేరిన రోజులవి, షిఫ్టు అయ్యాక మేస్త్రీని బతిమాలి, బజార్లో దొరికే చిన్న రీలు దాంట్లో పట్టేలా లేతు మిషను మీద ఇత్తడి బిళ్లలు చెక్కాను, ఫిల్మ్ కూర్చునే చోటుని నల్ల రేకుతో కుదించాను. అయినా లెన్సు కుదుపులతో తిరిగి ఫొటో నిండా నిలువు చారలు పడేవి. పళ్లచక్రాలన్నీ ఊడదీసి, గట్టిపడిన గ్రీజుని కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె చుక్క వేసి మళ్లీ బిగించడం, మళ్లీ చారలు, మళ్లీ ఊడదీయడం. ఇంతలో యార్డులో పట్టాలు మార్చే మీటలుండే కేబిన్ ఎత్తేస్తున్నారని, మనుషుల్ని తలో స్టేషనుకీ పంపుతున్నారని కబురొచ్చింది. నాకు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు.

చివరికి చక్రాలు దారికొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున్న యార్డు పక్కన అందరినీ కెమెరా చుట్టూ అర్ధచంద్రాకారంగా నిలబెట్టి, లెన్సు మీ ముందు నుంచి వెళ్లేటప్పుడు ఎవరూ కదలొద్దని తెలుగులోనూ హిందీలోనూ మొత్తుకున్నాను. పెదనాన్న పట్టుబట్టి కుడి వైపు చిట్టచివర నిలబడ్డాడు, ఈ కెమెరాలో అంచున ఉన్నా తెగిపోనని ఆయన ధీమా.

మీట నొక్కాను. లెన్సు గుర్రుమంటూ మొదటి మనిషి ముందుకి రాగానే అతని చేయి పక్కకి చాచుకుంది. తరవాతి వాడిదీ అంతే, ఆ తరవాతి వాడిదీ అంతే. పట్టాల పక్కన నిలబడ్డ రైల్వే మనిషి, వెళ్తున్న బండికి చేయి చాచి అంతా సవ్యంగా ఉందని చెప్పాలి, అది వాళ్ల డ్యూటీ. కళ్ల ముందు నుంచి ఏదో గుర్రుమంటూ సాగిపోతుంటే వాళ్ల చేతులు ఊరుకోలేదు. ఆపితే ఫిల్మ్ పాడవుతుందని నేను పళ్లు బిగబట్టి చూస్తుండిపోయాను.

ఫొటో కడిగించి తెచ్చాను. ఒక్క చార లేదు, అందరి మొహాలూ అద్దంలోలా ఉన్నాయి, ఒక్కరిది తప్ప. పెదనాన్న పక్కన నిలబడ్డ ఆజానుబాహువైన గేట్‌మన్ చాచిన చేయి, సరిగ్గా పెదనాన్న మొహానికి అడ్డొచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ తీద్దామంటే అప్పటికే సగం మందికి వేరే ఊళ్లు పడ్డాయి.

పెదనాన్న ఆ ఫొటోని మంచం మీద పరుచుకుని, ఒక్కొక్కరినీ పేరుతో పలకరించుకుంటూ చివరిదాకా వచ్చి, ఆ చేతి మీద వేలు పెట్టాడు.

"ఇంకోపాలి తీత్తానంటావేటిరా? బండి వెల్లిపోతంటే ఆడు సెయ్యి సాపకపోతే తప్పుగానీ, సాపితే తప్పేటి? మనోళ్లందరూ ఉన్నారు గదా, చలేగా, సరిపోద్ది," అన్నాడు. ఆయన పోయేదాకా ఆ ఫొటో ఆయన మంచం ఎదురుగానే ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పెళ్లికీ పేరంటానికీ లెక్కలేనన్ని ఫొటోలు. పిల్లలు ఇప్పటికీ చేయి చాచే ఫొటో తీసుకుంటారు, కాకపోతే ఆ చేతి చివర ఉండేది ఎవరి మొహం వాళ్లదే.