రెండు దూది ఉండలు

పోయిన నెల ఒక శనివారం మా మేనత్త పోయింది. ఆమె కూతురు, నా మరదలు, కాడుగోడిలోని అత్త ఇంటి నుంచి ఫోను చేసింది. ఏడుపు మధ్యలోనే, "ఉపవాసముంటావు గదా వదినా, ఏమన్నా తిని బయల్దేరు" అంది. ఆ మాటకు నాకు కన్నీళ్ళకంటే ముందు సిగ్గు వచ్చింది.

పంతొమ్మిది వందల తొంభైలలో అత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఈ జబ్బు తరాలకు ఎలా దిగుతుందో పరిశోధిస్తున్నామని ఆస్పత్రివాళ్ళు నెత్తురు అడిగారు. ఫలితం మీకు చెప్పలేమన్నారు. అయినా అత్త ఇచ్చింది. తర్వాత వెళ్ళినప్పుడల్లా, "నా నెత్తురు ఏమన్నా మాట్లాడిందా తల్లీ?" అని డాక్టరమ్మను అడిగేది.

చాలా ఏళ్ళకు ఆ డాక్టరమ్మే పిలిపించింది. ఆ పరీక్ష ఇప్పుడు రోగులకూ చేస్తున్నారట. మళ్ళీ నెత్తురు తీసి చూస్తే అత్త జన్యువులోనే లోపం ఉందని తేలింది. ఇంట్లోవాళ్ళనూ రమ్మన్నారు.

మా నాన్న కసిరాడు. "ఇచ్చేసిన ఆడపిల్ల జబ్బు మా ఇంటికెట్ల వస్తాది?"

"ఇంటిపేరు మార్చి పంపిస్తివి గానీ నెత్తురు మార్చి పంపిస్తివా అన్నా?" అంది అత్త.

నేను, మరదలు ఒకే రోజు నెత్తురిచ్చాం. అత్త మా మధ్య కూర్చుని, ఇద్దరి మోచేతుల మీదా దూది తానే అదిమి పట్టింది. "ఎవరికి ఉన్నా తెలిస్తే మేలే. నాకు తెలీకనే ముదిరింది."

నేనేమో, నాకు లేకపోతే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. మీతో చెప్పుకోవడానికీ తల వంగిపోతోంది. మరదలి పేరు ఆ మొక్కులో లేదు.

నాకు లేదు. మరదలికి ఉంది.

కొండ నుంచి వచ్చి, ఆచారం తప్పకూడదని ప్రసాదం కాడుగోడికి తీసుకెళ్ళాను. గడపలో మరదలిని చూశాక చెయ్యి ముందుకు రాలేదు.

"దేవుని ప్రసాదం దాస్తావేమే? తే ఇట్ల!" అని అత్త లాక్కుని కూతురి నోట్లో పెట్టింది. "దీనికి డాక్టర్లు ఉండారులే. దేవుడు మాత్రం ఎంతమందినని చూసుకుంటాడు పాపం!"

మరదలు నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత క్రమం తప్పకుండా చేసే పరీక్షల్లోనే మరదలి గడ్డ శనగగింజంత ఉండగా దొరికింది. బతికింది. అత్తకే జబ్బు తిరగబెట్టింది.

దినాల నాడు మరదలు నా పక్కన కూర్చుంది. "నీకు లేదని తెలిసిన దినం అమ్మ వీధంతా చక్కెర పంచింది వదినా. నీకు చెప్పొద్దనింది. సిగ్గుపడతావని."

ఇప్పుడు దేవుడి ముందు కూర్చుంటే ఏమీ అడగలేకపోతున్నాను. కళ్ళు మూస్తే అత్త కనబడుతుంది. ఒక బొటనవేలు నా మోచేతి మీద, ఇంకొకటి తన కూతురి మోచేతి మీద. ఏ దూది కింద ఏముందో తెలియక, రెండింటినీ ఒకే బలంతో అదిమి పట్టుకుని.