కవర్ చప్పుడు మరిచిన కోతులు

రాయచోటి బజారులో మాకో కిరాణా అంగడి ఉంది. కొండ మీది కోతులు మా వీధికి అలవాటు పడ్డాక, చేతిలో ప్లాస్టిక్ కవర్‌తో ఎవరూ నింపాదిగా నడవలేకపోయారు. కవర్ చప్పుడైతే చాలు, రేకుల మీంచి దూకి లాక్కుపోయేవి. బేరాలు పడిపోయాయి. కోతులు పట్టేవాళ్లను పిలిపించి, గుంపునంతా బోనుల్లో ఎక్కించి దూరపు అడవిలో వదిలించాలని అంగళ్లవాళ్లు తీర్మానించారు.

"వాటి జాతే మారిపోయిండాది," అన్నాడు మా అన్న. "ఇప్పుడు పుట్టేవి కవర్ గుంజడం కడుపులోనే నేర్చుకోని వస్తాండాయి. నువ్వు చదివే పరిణామం ఇదే గదా?"

నేను పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. జీవపరిణామం గురించి అక్కడున్న పుస్తకం ఒక్కటీ వదల్లేదు. అన్న మాటతో నాకు పండగైంది.

"కాదన్నా. పుట్టుకతో వచ్చే గుణం తరం వెంట తరం మారితేనే పరిణామం. జంకు లేని కోతులే ఈడ ఎక్కువ బతికి, వాటి పిల్లలకూ అదే గుణం వస్తా పోతే, ఎన్నో తరాలకు అప్పుడు ఒప్పుకుంటా. ఇవి ఊరికే చూసి నేర్చుకున్నాయి. నేర్చుకున్నది మరిచిపోనూ గలవు."

"ఏమప్పా సైంటిస్టూ, వాటికి పాఠం చెప్పిందెవరు?"

"మనమే."

నేను చాలా రోజులుగా గమనిస్తున్నాను. శనివారం వస్తే ఆంజనేయస్వామి పేరు చెప్పి, మా అమ్మతో సహా వీధి వీధంతా కవర్లలో అరటిపండ్లు తెచ్చి అంగడి మెట్ల మీద కోతులకు పెట్టేది. మిగతా రోజుల్లో అదే వీధి కట్టెలతో తరిమేది. తల్లి పొట్టను కరుచుకున్న పిల్ల మొదట్లో కవర్ చప్పుడుకు బెదిరి ముఖం దాచుకునేది. తల్లి తినడం చూసి చూసి, తర్వాత తానూ చెయ్యి చాచేది. కడుపులోనే నేర్చుకుని ఉంటే బెదరడమెందుకు?

దసరా దాకా బోనులు ఆపించమని అన్నను బతిమాలాను. అమ్మను ఒప్పించడమే కష్టమైంది.

"స్వామికి పెట్టేది మానమంటావేమిరా?"

"గుడిలో ఇచ్చి మనుషులకు పంచమంటాండా. కొండల్లో కాయలు తినే గదమ్మా ఆయన సముద్రం దాటింది."

"నీ నోటికి మొక్కల్ల," అని నవ్వి, వీధిలో ఆడవాళ్లందరినీ తానే ఒప్పించింది. మేము సరుకులు గుడ్డసంచుల్లో ఇచ్చాం, బస్తాలకు మూతలు పెట్టాం.

తొలి శనివారం గుంపంతా మెట్ల మీద కూర్చుని మమ్మల్ని గుర్రుగా చూసింది. ఒకటి తక్కెడ పళ్లెం ఎత్తుకుపోయింది.

"శానా బాగా మరిచిపోతాండాయి," అన్నాడు అన్న.

నేను పట్టు వదల్లేదు. వారాలు గడిచాయి. దిగేవి తగ్గాయి, దిగినవీ ఉత్త చేతులతో తిరిగిపోయాయి. ఇంతలో కొండ మీద సీతాఫలాలు పండాయి. వాటి సాయాన్ని నేను కాదనను. దసరా నాటికి మా రేకుల మీద ఒక్క తోకా కనబడలేదు. పట్టేవాళ్లను రావద్దని అంగళ్లవాళ్లే కబురు పంపారు.

ఆ సాయంత్రం గ్రంథాలయం నుంచి వస్తుంటే మా అంగడి ముందు అన్న గొంతు వినబడింది. బేరానికి వచ్చిన ఒకాయనకు చక్కెర కడుతూ చెబుతున్నాడు:

"జాతి యాడ మారిందప్పా? అలవాటంతే. పరిణామమంటే తరాలు పడుతుంది. మాకు తెలియదా ఏమి?"

నేను లోపలికి పోకుండా, మెట్టు మీద కూర్చుని చివరి దాకా విన్నాను.