బెల్లం పట్టిన వేలు

2002లో జిగణిలోని ఓ చిన్న ఆసుపత్రికి గ్లూకోమీటరు వచ్చింది. దాని మీద ఎమర్జెన్సీ డాక్టరు సమీనాకు అపారమైన భక్తి.

ఓ మధ్యాహ్నం షుగరు రోగి బాలరాజును స్పృహ లేకుండా తెచ్చారు. వేలు గుచ్చితే మీటరు మర్యాదగా ‘హాయ్’ అంది. దాని భాషలో అది ‘హై’, అంటే కొలతకందనంత షుగరని అర్థం. ఇన్సులిన్ ఎక్కించబోతూ సమీనా ఆగింది. ఒళ్లంతా చల్లటి చెమటలు, చేయి మాత్రం జిగురు!

“చేతికి ఏం పూశావమ్మా?”

“బెల్లం మేడమ్. పండ్లు బిగబట్టినాడు, నోట్లోకి పోలేదు. పిడికిట్లోనన్నా ఉండనీ అని పెడితి,” అంది భార్య హనుమక్క.

చేయి కడిగి మళ్లీ గుచ్చితే ముప్పై ఎనిమిది, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. బాలరాజు కళ్లు తెరిచాడు.

“సూది ఏసుకొని కూడు తినకుండా పనికి పోతావప్పా?” అని హనుమక్క అందుకుంది.

అతను తల దించుకున్నాడు. స్పృహ పూర్తిగా వచ్చిందనడానికి సమీనాకు వేరే పరీక్ష అక్కర్లేకపోయింది.