సోమాచారి దించిన ముఖాలు

కొత్త రాష్ట్రం వచ్చాక సూర్యాపేటలో ఏ ఆఫీసు ముందు చూసినా బోర్డులు మారుస్తున్నారు. మా జిరాక్స్ షాపు ఎదురుగా ఉన్న ఆఫీసు బోర్డు మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాయడానికి నిన్న పొద్దున ఒక పెయింటరు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. గుడ్డను థిన్నరులో తడిపి అక్షరాలను రుద్దుతుంటే ఆ ఘాటు రోడ్డు దాటి మా షాపులోకి వచ్చింది. కౌంటరు ముందున్న కాలేజీ పిల్ల ముక్కు మూసుకుంది. నేను మాత్రం చేతిలోని కాగితాన్ని మెషీన్ మీద పెట్టడం మరిచి నిలబడిపోయాను. "మేడం, రెండు కాపీలు" అని ఆ అమ్మాయి రెండోసారి అడిగేదాకా నేను సూర్యాపేటలో లేను. మిర్యాలగూడలో ఒక రేకుల షెడ్డు కింద, సోమాచారి పెదనాయన పక్కన పీట మీద కూర్చుని ఉన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కోదాడ. డిగ్రీ అయిపోయాక, 2003లో, మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తాగా చేస్తున్న మా అన్నయ్య ఇంటికి వచ్చి, స్టేషన్ రోడ్డులో ఒక జిరాక్స్, డీటీపీ షాపులో పనికి చేరాను. ఆ షాపు వెనక గోడకు ఆనుకుని ఆయన షెడ్డు ఉండేది. బియ్యం సంచుల మీద వేసే ముద్రలు, అంటే చిలుక, ఏనుగు, కలశం లాంటి బొమ్మలు, వాటి కింద మిల్లు పేరు, అన్నీ ఆయనే చెక్కేవాడు. మేము కంప్యూటరులో డిజైను వేసి ప్రింటు ఇస్తే, దాన్ని లినోలియం ముక్క మీదకు దించి, ఉలితో చెక్కి, వెనక చెక్క అతికించి మిల్లుకు ఇచ్చేవాడు. లినోలియం అంటే పూర్వం పెద్ద పెద్ద ఆఫీసుల్లో నేల మీద పరిచిన మందపాటి షీటు. చెక్క కన్నా మెత్తన, రబ్బరు కన్నా గట్టి. ఆయన దాన్ని లైనో అనేవాడు. అప్పటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి. కళ్ళద్దాలు తాడుకు కట్టి మెడలో వేలాడదీసుకునేవాడు, పని మొదలుపెట్టేటప్పుడు మాత్రం పెట్టుకునేవాడు.

నేను చేరిన వారంలోనే ఒక ప్రింటు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. "గిది రంగు మెషీన్ల తీసినవా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను. "గిది దిగదు. ఇంకు గాదు, జిరాక్సు పొడే దిగుతది. జర నల్లగ, గట్టిగ తియ్యి" అన్నాడు. దిగడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. కాపీ తీసి ఆయన వెంటే వెళ్ళాను. గరుకు కాగితంతో లైనోను మెల్లగా రుద్ది, దుమ్ము తుడిచాడు. కాగితాన్ని బొమ్మ కిందికి ఉండేలా బోర్లించి, నాలుగు అంచులకూ టేపు వేశాడు. దూదిని థిన్నరులో ముంచి, పిండి, కాగితం వెనక అద్దాడు. తెల్లటి కాగితంలోంచి బొమ్మ బూడిద రంగులో పైకి తేలింది. అప్పుడు ఒక స్టీలు చెంచా తిరగేసి, మధ్యలోంచి అంచులకు నెమ్మదిగా రుద్దాడు. ఒక మూల ఎత్తి చూసి, మళ్ళీ మూసి, మళ్ళీ రుద్ది, చివరికి కాగితం లాగేశాడు. చిలుక లైనో మీద కూర్చుంది. కాగితం మీద కుడికి చూసిన చిలుక ఇప్పుడు ఎడమకు చూస్తోంది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి.

"అయ్యో, తిరగబడిపోయింది పెదనాయనా" అన్నాను. ఆయన్ని ఆ మాటతో పిలవడం అదే మొదలు.

"ఉల్టా ఉంటెనే సంచి మీద సీదా పడ్తది. మీ కోదాడల గిది చెప్పలేదా?" అని నవ్వాడు.

ఆ తర్వాత మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకుని షెడ్డులోకే వెళ్ళిపోయేదాన్ని. అన్నం తినడం పది నిమిషాలు, మిగిలిన సమయమంతా దించడం. థిన్నరు ఎక్కువైతే నలుపు ఉడికిన పప్పులా చెదిరిపోయేది. తక్కువైతే సగం కాగితానికే అంటుకుని ఉండేది. పాత జిరాక్సు మొండికేసేది, అప్పుడే తీసింది ఇట్టే దిగేది. చలికాలం లైనోను ఎండలో పెట్టి మెత్తబడ్డాకే ఉలి పట్టనిచ్చేవాడు. చెక్కేటప్పుడు ఏ చెయ్యి ఎక్కడుండాలో తిట్టి మరీ నేర్పాడు. ఎన్ని తిట్టినా చివర్లో ఒకే మాట చెప్పేవాడు: "అసలు కాయితం ముట్టొద్దు. ముందుగాల కాపీ తియ్యి. కాపీతోనే పని." ఎంత చిన్న పనికైనా ఇదే మాట. నాకు విసుగొచ్చేది.

సంచుల ముద్రలతో పాటు ఆయన ఇంకో పని కూడా చేసేవాడని తర్వాత తెలిసింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు పాత కార్డులు పట్టుకుని వచ్చేవారు. ఓటరు కార్డు, రేషను కార్డు, బస్సు పాసు. పోయిన మనిషికి ఉన్న ఫొటో అదొక్కటే. గోళీకాయంత ముఖం. మేము దాన్ని మెషీన్ మీద రెండు మూడుసార్లు పెద్దది చేస్తే మసకగా, మచ్చలు మచ్చలుగా వచ్చేది. ఫ్రేము కట్టించుకుంటే ఎవరో గుర్తు పట్టలేం. పెదనాయన దాన్ని లైనో మీదకు దించి, ఆ మచ్చల్లో ఏది కన్నో ఏది నీడో చూసుకుని చెక్కేవాడు. నల్ల సిరా రాసి తెల్ల కాగితం మీద అచ్చు తీస్తే, ఆ ముఖం ఎవరిదో ఇంట్లో వాళ్ళకు వెంటనే తెలిసేది. అచ్చు చేతికి ఇచ్చాక ఆయన వాళ్ళ వైపు చూసేవాడు కాదు, ఉలి నూరుకుంటూ కూర్చునేవాడు. "ఏడుస్తరు. మనం సూస్తుంటె సిగ్గుపడ్తరు" అన్నాడు ఒకసారి.

రెండేళ్ళు గడిచేసరికి నాకు దించడం బాగా వచ్చేసిందని నేను అనుకున్నాను. ఆయన లేనప్పుడు ఒక ముఖం నేనే దించి చూపించాలని కోరిక పుట్టింది. ఆ కోరిక తీరే రోజు రానే వచ్చింది.

నేరేడుచర్ల దగ్గరి ఒక ఊరి నుంచి సైదమ్మ వచ్చింది. గొర్లు కాసుకునే కుటుంబం. ఇంటర్ చదువుతున్న కూతురు రేణుక జ్వరంతో పోయి ఆరు నెలలు. పిల్ల పాసుపోర్టు ఫొటో ఒకటుంటే, కాలేజీలో సంతాపసభ పెట్టినప్పుడు దాన్ని పెద్దదిగా జిరాక్సు తీశారట. ఫొటో అక్కడెక్కడో పోయింది. ఆ పెద్ద కాగితం ఒక్కటే మిగిలింది. సైదమ్మ దాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, రొమ్ముకు ఆనించి పట్టుకుని తెచ్చింది. పెదనాయన చెక్కిన ముద్రలు ఇవ్వడానికి మిల్లుకు వెళ్ళాడు. ఊళ్ళో కరెంటు పోయింది, మెషీన్ ఆగిపోయింది. "ఆయన వచ్చేదాకా కూసుంట" అంది సైదమ్మ. నేనే ఆగలేకపోయాను. కాగితం సరిగ్గా కావలసిన సైజులోనే ఉంది. కాపీ తీయాలన్న మాట గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది. ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను.

ఆమెను షాపు ముందే కూర్చోమని, కాగితం షెడ్డులోకి తీసుకెళ్ళి, లైనో మీద బోర్లించి థిన్నరు అద్దాను. ఆరు నెలల నాటి జిరాక్సు కదా, దిగలేదు. ఇంకొంచెం అద్దాను. ఇంకొంచెం. తొందరలో కింది అంచుకు టేపు వేయలేదు. చెంచాతో గట్టిగా రుద్దేసరికి కాగితం జారింది. ఎత్తి చూస్తే నుదురు, కళ్ళు, ముక్కు, పక్కకు వేసుకున్న జడ బాగా దిగాయి. ముక్కు కింద నుంచి గడ్డం దాకా నల్లటి మరక. కాగితం మీద కూడా అంతే. అమ్మాయికి నోరు లేదు.

పెదనాయన వచ్చి చూసేసరికి నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. "కాపీ తీసినవా?" అని అడిగాడు. "కరెంటు లేదు" అన్నాను. ఆయన లైనోను వెలుతురు వైపు తిప్పి చూశాడు. నాకే భయమేసి, "నోరు మనమే గీసేద్దాం పెదనాయనా. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాను.

"తల్లికి తెల్వదా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే నన్ను అడుగుతున్నట్టు. ఆ కాగితం నా చేతికిచ్చి, "పో. పోయి చెప్పు. పక్కన నేనుంట. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె" అన్నాడు.

చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. సైదమ్మ నా చేతిలోంచి ఆ తడి కాగితం లాక్కుని, మరకను వేళ్ళతో పక్కకు జరపబోయింది, కింద ముఖం దాక్కుని ఉన్నట్టు. వేళ్ళన్నీ నల్లబడ్డాయి. "నీకేం అన్యాలం జేసిన బిడ్డా?" అంది నన్ను చూసి. తిట్టి ఉంటే బాగుండేది. పెదనాయన "తప్పు మాదే అక్కా" అంటుంటే వినకుండా, ఆ కాగితం పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

మూడు రోజులు నేను షెడ్డులోకి వెళ్ళలేదు. నాలుగో రోజు ఆయనే వచ్చి, "నడువు, నేరేడుచర్ల పోదాం" అన్నాడు. నేను పాడుచేసిన లైనోను గుడ్డలో చుట్టి, ఉలులు, సిరా, కాగితాలు సంచిలో వేసుకున్నాడు. షేర్ ఆటోలో ఆ ఊరు చేరేసరికి సైదమ్మ గొర్ల దొడ్డి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. పెదనాయన అరుగు మీద కూర్చుని, లైనోను కాసేపు ఎండలో పెట్టి, కళ్ళద్దాలు తగిలించుకుని చెక్కడం మొదలుపెట్టాడు. మొదట నుదురు, తర్వాత జడ, తర్వాత కళ్ళు. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి సైదమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

ముక్కు కిందికి వచ్చాక ఆయన ఉలి ఆపాడు. "నోరు నాకు తెల్వదక్కా. తెల్వంది నేను చెక్కను. నువ్వే సూపియ్యాలె" అన్నాడు. పెన్సిలు ఇవ్వబోతే ఆమె పట్టుకోలేదు. "నవ్వితె కుడి దిక్కు జరంత ఎక్కువ లేస్తుండె" అంది. లైనో మీద కుడి ఎడమవుతుంది కదా. లోపల గోడకున్న చిన్న అద్దం తెమ్మని నాకు చెప్పాడు. లైనోకు ఎదురుగా అద్దం పట్టుకుని కూర్చోవడం నా పని. సైదమ్మ అద్దంలోకి వంగి చూసింది. అందులో రేణుక కళ్ళు సీదాగా ఆమెనే చూస్తున్నాయి. పట్టు మార్చుకోబోతే అద్దం కదిలింది. "కదపకు బిడ్డా" అంది సైదమ్మ. అద్దంలో చూసుకుంటూనే బొటనవేలి గోరు లైనో మీద ఆనించి, ఒక చిన్న గీత గీసింది. ఎండకు మెత్తబడ్డ లైనో మీద ఆ గీత సన్నగా పడింది.

పెదనాయన ఆ గీత వెంటే చెక్కాడు. పెదవులు దిద్దలేదు, పళ్ళు పెట్టలేదు. ఆ ఒక్క గీత. సిరా రాసి, కాగితం వేసి, అచ్చు తీసి ఆమె చేతిలో పెట్టాడు. అలవాటు ప్రకారం ఉలి నూరుకుంటూ తల దించుకున్నాడు. నేను మాత్రం తల దించుకోలేకపోయాను. సైదమ్మ చాలాసేపు చూసింది.

"నోరు గిట్ల లేకుండె" అంది చివరికి. "కండ్లు మాత్రం నా బిడ్డయే." లేచి, అచ్చును లోపల దేవుడి పటాల పక్కన ఆనించి వచ్చింది. వచ్చి నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. మిర్యాలగూడలో ఆటో దిగేటప్పుడు పెదనాయన "రేపటి సంది పనికి రా" అన్నాడు.

ఇంకో మూడు నాలుగేళ్ళకు సంచులు బ్రాండు బొమ్మతో సహా అచ్చయి ఫ్యాక్టరీల నుంచే రావడం మొదలైంది. మెరిసే ప్లాస్టిక్ సంచుల మీద నాలుగు రంగుల చిలుకలు. మిల్లుల వాళ్ళు షెడ్డు వైపు రావడం మానేశారు. ఫోన్లలో ఫొటోలు వచ్చాక కార్డులు పట్టుకొచ్చే వాళ్ళు కూడా తగ్గారు. పెదనాయన షెడ్డు కిరాయి వదిలేసి కోదాడలో ఉన్న కూతురు వనజ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను పెళ్ళై సూర్యాపేట వచ్చాను. నేను పుట్టిన ఊళ్ళో ఆయన ఉండడం నాకెంతో ధైర్యంగా ఉండేది. అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయన్నీ చూసి వచ్చేదాన్ని. ఆఖరుసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆంధ్ర అంచున ఉన్న కోదాడ గాలి సోకి మాట కొంచెం మారింది. "ఏమ్మా, చెక్కుతున్నావా?" అన్నాడు. షాపు, పిల్లలు, టైము దొరకడం లేదని ఏదో చెప్పాను. "దొరకదులే" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంకాసేపు కూర్చుని ఉంటే తెలిసేదేమో. బస్సుకు టైమైందని లేచి వచ్చేశాను.

కిందటేడు ఆయన పోయాడు. కర్మ రోజు వనజ ఆయన ఓటరు కార్డు నా చేతిలో పెట్టి, "నాన్నది నువ్వే చెక్కాలక్కా" అంది. షాపుకు వచ్చి ముందు ముఖం పెద్దది చేసి నాలుగు కాపీలు తీశాను. అసలు కార్డును వనజకు తిరిగి పంపించాకే పని ముట్టుకున్నాను. నాలుగు అంచులకూ టేపు వేసి, దూదిని రెండుసార్లు పిండి, మధ్యలోంచి అంచులకు రుద్దాను. ఆయన ముఖం లైనో మీద ఒక్క గీత కూడా పోకుండా దిగింది. నేను దించిన వాటిలో అంత బాగా దిగింది ఇంకొకటి లేదు. చూసి మెచ్చుకోవలసిన మనిషి ఒక్కడే, ఆయనే లేడు.

ఏడాది దాటింది. ఆ లైనో గుడ్డలో చుట్టి షాపు బీరువాలో ఉంది. ఎప్పుడైనా మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు బయటికి తీస్తాను. ఉలి కూడా తీస్తాను. ఎడమ కంటి పక్కన ముడతలతో మొదలుపెట్టాలని నాకు తెలుసు. అక్కడి నుంచి నాలుగు రోజుల పని. కానీ అది అయిపోతే ఆయనతో నాకు ఇంకే పనీ మిగలదు. కాసేపు చూసి మళ్ళీ గుడ్డ చుట్టేస్తాను. వనజ ఫోన్ చేసి "అయిందా అక్కా?" అని అడుగుతుంది. సాకులు చెప్పను. "ఇంకా మొదలుపెట్టలేదమ్మా" అని ఉన్న మాటే చెబుతాను. ఎందుకని మాత్రం ఆ పిల్ల ఎప్పుడూ అడగదు.