ముడుపు కట్టిన ఆట

ఇంగ్లండులో ఒక ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలిస్తేనే బషీరాబాద్‌లో పుట్టిన నా తమ్ముడు బతుకుతాడని మా ఇంట్లో అందరం నమ్మిన ఏడాది ఒకటుంది. చెబితే నా మనవలు నవ్వుతారు. నవ్వనీ. నేను మాత్రం ఇప్పటికీ ఆ పదకొండు మందిని తలుచుకుంటే పళ్లు కొరుకుతాను.

తమ్ముడు సికింద్రాబాద్ రైల్వే ఆఫీసులో గుమస్తా. వాడి పైన ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. ఆ దొరకు వాళ్ల ఊరి ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. పోలీసు యాక్షన్ తర్వాత దొరలంతా మూటాముల్లే సర్దుకున్నారు, ఈయనా పోయాడు. పోతూపోతూ ఆ పిచ్చిని మా వాడికి అంటించిపోయాడు. ఎన్నడూ చూడని ఊరు, ఎన్నడూ చూడని మనుషులు. వాళ్లు ఓడిన రోజు మా వాడు అన్నం ముట్టేవాడు కాదు. "నీకేమైతరురా వాళ్లు, మేనమామలా?" అని దెప్పేదాన్ని. కొన్నేళ్లకు ఇంకో జబ్బు అంటుకుంది. అది నిజం జబ్బు. దగ్గుతో మొదలై నెత్తురు పడేదాకా వచ్చింది. సెలవు పెట్టించి వికారాబాద్ కొండ మీది క్షయ ఆసుపత్రిలో చేర్చాం.

ఆ ఎండాకాలంలోనే ఆ జట్టు కూడా కింద పడింది. నాకు అర్థమైనంత చెబుతాను. అక్కడ జట్లకు బడిలో లాగా తరగతులుంటాయి. ఏడాది పొడుగునా ఆడి, పై తరగతిలో అందరికన్నా వెనకబడ్డ ఇద్దరిని కిందికి తోసేస్తారు. కింది తరగతిలో మొదటి ఇద్దరిని పైకి తెచ్చుకుంటారు. మా వాడి జట్టు తప్పింది. మళ్లీ పైకి రావాలంటే ఇంకో ఏడాదంతా ఆడి ఆ ఇద్దరిలో ఒకరు కావాలి. ఈ సంగతి చెబుతున్నప్పుడు వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన జబ్బు గురించి చెప్పినప్పుడు తిరగలేదు.

వానలు పడే రోజుల్లో డాక్టరు అమ్మనూ నన్నూ తమ్ముడి మంచం దగ్గరికి పిలిచాడు. సూదులతో కుడిపక్క బాగుపడింది, ఎడమపక్క పుండు మానడం లేదు. పట్నం పంపించి ఆ దిక్కు పక్కటెముకలు కొన్ని తీయిస్తే ఊపిరితిత్తి ముడుచుకుని పుండు మూసుకుంటుంది. "జల్ది చేయించాలమ్మా. చలికాలం దాటనియ్యొద్దు. ఇంకో పక్కకు పాకితే నా చేతుల ఏముండదు," అన్నాడు.

తమ్ముడు నవ్వేశాడు. "మా టీము మళ్ల పైకి రానియ్యి సాబ్, అప్పుడు కోయించుకుంట," అన్నాడు.

అది తప్పించుకునే మాట అని నాకు అక్కడికక్కడే తెలిసింది. పడ్డ జట్టు మరుసటేడే లేచి రావడం కష్టమని వాడే నాతో అన్నాడు. కాని మా అమ్మకు తప్పించుకునే మాటలు తెలియవు. ఎవరి నోటి నుంచైనా 'ఇదైతే అది చేస్త' అన్న మాట రావడమే ఆలస్యం, ఆమెకు అది మొక్కే. అప్పటికప్పుడు కొండ మీది గుడికి పోయింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల, పిడికెడు బియ్యం పెట్టి ముడేసి, కొడుకు అన్న మాట అన్నట్టు స్వామికి విన్నవించుకుంది. వాళ్లు పైకి రావాలి, వీడు కోయించుకోవాలి, బాగై ఇంటికి రావాలి. వాళ్లు పైకి రాగానే ముడుపు తెచ్చి అప్పజెబుతానంది. తిరిగొచ్చి దాన్ని వాడి మంచం తలాపున కట్టింది.

"ఇదేందమ్మా, నేను ఉత్తగ అన్న," అన్నాడు వాడు, మొహం తెల్లబోయి.

"దేవుని కాడ ఉత్తగ అనుడు ఉండది కొడుకా," అంది అమ్మ.

అప్పటి నుంచి మా బతుకంతా ఆదివారాల మీద నడిచింది. తాండూరు స్టేషను దగ్గర మా ఆయనకు నాపరాళ్ల వ్యాపారం. స్టేషను మాస్టరు ఇంగ్లీషు పేపరు తెప్పించుకునేవాడు. శనివారం ఆటల సంగతి సోమవారం పేపర్లో వచ్చేది. మాస్టరు దాన్ని నా కోసం తీసిపెట్టేవాడు. నేను మళ్లీ ఆదివారం దాకా ఇంట్లో దాచి, ప్యాసింజరు బండిలో పట్టుకుపోయేదాన్ని. అమ్మ బషీరాబాద్‌లో ఎక్కేది, నేను తాండూరులో. జొన్నరొట్టెలు, కందిపప్పు, ఉడికించిన గుడ్లు సంచిలో, వాటి కింద పేపరు. వికారాబాద్‌లో దిగి జట్కా మాట్లాడుకునేవాళ్లం.

అమ్మ ముందు గుడికి పోయేది. "ఈపారి గెలిపియ్యి తండ్రీ" అని చేతులు జోడించేది. నేను పక్కన నిలబడి విసుక్కునేదాన్ని. ఆట ఎప్పుడో అయిపోయింది, గెలిచారో ఓడారో నా సంచిలోనే అచ్చయి ఉంది, ఇప్పుడు దేవుడు మాత్రం ఏం చేస్తాడే అంటే వినేది కాదు.

"సదివెదాక ఏమున్నదో ఎవలకెర్క?" అనేది.

నాకు తెలుగు తప్ప చదవడం రాదు, ఆమెకు అదీ రాదు. ఆ వార్డులో ఇంగ్లీషు చదవగలిగింది మా వాడొక్కడే.

వాడు పేపరు విప్పేసరికి చుట్టుపక్కల మంచాల మీద దగ్గులు కూడా ఆగేవి. పక్క మంచం మీద దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చిన గొర్రెల కాపరి తాత ఉండేవాడు. ఆయనకు ఆ జట్టు ఒక మంద. "మన మంద ఏడిదాక వచ్చింది పటేలా?" అని అడిగేవాడు. మొదట్లో ఎక్కడో నడుమ ఉంది. దసరా దాటాక గెలవడం మొదలుపెట్టింది. చలి ముదిరేసరికి పైనుంచి నాలుగో చోటికి వచ్చింది. వార్డంతా పండగ. వాడి జ్వరం మాత్రం సాయంత్రాలు దిగడం మానేసింది.

డాక్టరు మళ్లీ చెప్పాడు. ఈసారి గట్టిగా చెప్పాడు. నేను అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఆట సంగతి తర్వాత జూసుకుందాం, ముందు పానం దక్కించుకుందామే."

"ముడుపు గట్టినంక నడుమల కోయిస్తె దేవునికి మాట దప్పినట్టు గాదా? అప్పుడు కత్తి కింద వాన్ని ఎవలు కాస్తరు?" అంది.

తమ్ముడి వైపు చూశాను. ఒక్క మాట వాడు అంటే చాలు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తలాపున ఆ పసుపు మూట వేలాడుతోంది. తెంపి కొండ కిందికి విసిరేద్దామని చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎంత నోరున్నా నేనూ ఆ అమ్మ కడుపునే పుట్టాను కదా. వాడికి ఏమన్నా అయితే ఆ తెంపిన చెయ్యి నాదవుతుందని భయమేసింది. ఆనాడు బండిలో కూర్చుని దారంతా ఏడ్చాను. డాక్టరు చేతిలో లేదు, అమ్మ చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు. అన్నీ ఆ ముక్కూమొహం తెలియని పదకొండు మంది కాళ్లలో ఉన్నాయి.

వాళ్లేమో గెలుస్తూ పోయారు. మామిడిపూత రాలి పిందెలు పడే వేళకు మూడో చోటు, ఆ తర్వాత రెండు. గెలిచిన కొద్దీ తమ్ముడి గొంతు తగ్గేది. "గెలిచిన్రు" అని చావు కబురు చెప్పినట్టు చెప్పేవాడు. జబ్బు వల్ల నీరసమని అమ్మ అనుకునేది, నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ గుడి దగ్గర ఉండిపోయింది, నేను ముందుగా వార్డుకు వచ్చాను. పేపరు అందించాను. విప్పలేదు.

"అక్కా, వాళ్లు ఓడిపోతె మంచిగుండు," అన్నాడు.

"ఏమైందిరా నీకు?"

"ఆ మూల మంచం ఆయన పట్నం పోయిండు గదా, కోయించుకోనీకి. మళ్ల రాలె. ఆయనకంటె ముందు పోయినాయన వచ్చిండు. భుజం గింత కిందికి కుంగి ఉన్నది. ఎముకలు దీసేటప్పుడు మెలుకవతోనే ఉంటరంట, సప్పుడు ఇనబడ్తదంట. నాకు మస్తు భయమైతుందక్కా. గీ ఏడు పైకి రారని తెలిసే అన్న నేను."

అప్పటిదాకా వాడు వాళ్ల గెలుపు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాడనుకున్నాను. వార్డంతా గెలవాలని కోరుతుంటే వాడొక్కడే ఓడాలని కోరుకుంటున్నాడు, అదీ ప్రాణంగా ప్రేమించిన జట్టు. వాళ్లు ఓడితే వీడికి కోత లేదు, కోత లేకపోతే బతుకు లేదు. గెలిస్తే వీడు భయంతోనే సగం చస్తాడు. గుడికి పోతే నేను ఏమని మొక్కాలి? ఆనాటి నుంచి ఊరికే దండం పెట్టి వచ్చేదాన్ని.

ఎండలు మండే రోజుల్లో ఆఖరి ఆట అయింది. ఆ పేపరు తీసుకుపోయిన ఆదివారం లేవగలిగిన వాళ్లంతా వాడి మంచం చుట్టూ చేరారు. అమ్మ కొంగులో కుంకుమ పొట్లం పట్టుకుని నిలబడింది. వాడు పేపరు విప్పి చూశాడు. కళ్లెత్తి ఒకసారి అమ్మను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఓడిపోయారని చెప్పడానికి వాడికి అడ్డమేమీ లేదు. ఆ పేపరును మేం గుచ్చిగుచ్చి చూసినా ఒక్క ముక్క తెలిసేది కాదు.

"పైకొచ్చిన్రమ్మా," అన్నాడు.

తాత చప్పట్లు కొట్టాడు. ఎవరో బెల్లం ముక్కలు పంచారు. అమ్మ వాడి నుదుట బొట్టు పెట్టి, ముడుపు విప్పుకుని, చెప్పులు కూడా మరిచి గుడికి పరుగెత్తింది. నేను మంచం మీద కూర్చుని వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఓడిన్రని చెప్పకపోయినవ్‌రా," అన్నాను మెల్లగా.

"అమ్మ మొహం జూస్తె నోరు రాలేదక్కా," అన్నాడు.

పట్నం తీసుకుపోయాం. అప్పటికే కుడిపక్కకు కూడా పాకింది. అక్కడి డాక్టర్లు ఎక్స్‌రే ఫొటోలు చూసి తల పట్టుకున్నారు, అయినా చేయగలిగింది చేస్తామన్నారు. మొదటిసారి కోసినప్పుడు ఓర్చుకున్నాడు. ఏడవలేదని, లోపల ఇంగ్లీషులో ఏవో పేర్లు వరుసగా చదువుకుంటూ పడుకున్నాడని అక్కడి నర్సమ్మ చెప్పింది. రెండోసారి కోసిన తర్వాత లేవలేదు. బషీరాబాద్‌లో మా చేనుగట్టున మట్టిలో పెట్టాం. తొలకరి పడింది, కంది విత్తే రోజులు.

అమ్మను తాండూరు తెచ్చుకున్నాను. నేను ఆమెతో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. చలికాలంలోనే కోయించి ఉంటే అన్న మాట నా నాలుక చివర ఉండేది. అనలేదు, కాని అనకపోవడం కూడా ఆమెకు వినబడే ఉంటుంది. ఇక ఆ జట్టంటే నాకు ఒళ్లు మంట. దసరా వెళ్లాక ఒకరోజు కావాలనే స్టేషనుకు పోయి మాస్టరును అడిగాను. ఆయన పేపరు చూసి, "పైకి పోయినరుగాని బాగ దెబ్బలు తింటున్నరమ్మా. అందరికంటె కింద ఉన్నరు. మళ్ల పడిపోయెటట్టే ఉన్నది," అన్నాడు. నిజం చెబుతున్నాను, నా కడుపు చల్లబడింది. ఆ కబురు అమ్మకు చెప్పాలని పేపరు పట్టుకుని గబగబా ఇంటికి వచ్చాను.

అమ్మ గడప దగ్గర కందులు చెరుగుతోంది. నా చేతిలో పేపరు చూసి చాట కింద పెట్టింది.

"ఆ పిలగాండ్లు ఎట్లున్నరు బిడ్డా?" అని అడిగింది.

ఆమె మొహం చూశాను. నాకూ నోరు రాలేదు.

"గెలుస్తున్నరమ్మా," అన్నాను.

"గెలువనీ," అంది. "వాళ్ల తల్లులన్న సంబురపడనీ."